నాగవతి లంక తీర్పు

అనగనగా ఒక నది. ఆ నది పేరు నాగవతి. నదికి ఇవతల కుందవరం, అవతల మాల్యగిరి. కుందవరానికి ఒక రాజు, మాల్యగిరికి ఒక రాజు. రెంటికీ నడుమ ఒక లంక. రాజులు ఇద్దరు, లంక ఒక్కటి. అదీ వచ్చిన చిక్కు.

తాతల కాలంలో ఆ లంక మాల్యగిరి ఒడ్డుకి ఆనుకుని ఉండేది. ఒక రాత్రి పెద్ద వరద వచ్చింది. తెల్లారి చూస్తే నది దారి మార్చుకుని లంకకీ మాల్యగిరికీ మధ్యలోంచి పారుతోంది. కుందవరం వాళ్ళు మాత్రం తడి ఇసకలో నడుచుకుంటూ లంక మీదికి వెళ్ళిపోవచ్చు. "మా ఒడ్డుకొచ్చింది, మాది" అన్నారు కుందవరం వాళ్ళు. "నిన్నటిదాకా మేం దున్నిన నేల, మాది" అన్నారు మాల్యగిరి వాళ్ళు. రాయబారులు అటూ ఇటూ తిరిగారు. తిరిగినకొద్దీ తగువు పెరిగింది. ఆఖరికి కత్తులు లేచాయి. అప్పట్నుంచీ ఏటా వానలు వెనకబట్టి నది తగ్గగానే యుద్ధం. ఒక ఏడు వీళ్ళు గెలిచేవాళ్ళు, ఒక ఏడు వాళ్ళు గెలిచేవాళ్ళు. లంకలో ఎవరూ ఒక్క గింజ నాటింది లేదు.

కుందవరం రాజు ప్రతాపకేతుడికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఉదయకేతుడు, "లంక తెస్తాను నాన్నగారూ" అని వెళ్ళాడు. నలుగురు మోసుకొచ్చారు. రెండోవాడు జయకేతుడు, "అన్న పగ తీర్చి లంక తెస్తాను నాన్నగారూ" అని వెళ్ళాడు. వాడూ తిరిగి రాలేదు. ఆ కబురు విని రాణి మనోరమాదేవి ఏడవలేదు. తన గది తలుపులు వేసుకుంది, అంతే.

ఇక మిగిలింది మూడోవాడు సుధన్వుడు.

యుద్ధం ఆగిన సాయంత్రం ఎవరి శవాలు వాళ్ళు తెచ్చుకోవడం ఆనవాయితీ. సుధన్వుడు అన్నని వెతుకుతూ లంకంతా తిరిగాడు. ఒక తుమ్మ పొద దగ్గర జయకేతుడు కనిపించాడు. పక్కనే ఇంకో శవం. ఆ శవం తల ఒళ్ళో పెట్టుకుని ఒకమ్మాయి కూర్చుంది. ఆమె మాల్యగిరి రాకుమారి కువలయ. పోయినవాడు ఆమె ఒక్కగానొక్క అన్న. ఆ ఇద్దరు మగాళ్ళూ ఒకరి చేతిలో ఒకరు పోయారని చూడగానే తెలుస్తోంది.

కువలయ తలెత్తకుండానే అంది: "మీ అన్నగారి చెయ్యి మా అన్నయ్య భుజం కింద ఇరుక్కుంది. మీరు భుజం కాస్త ఎత్తితే నేను చెయ్యి తీస్తాను."

సుధన్వుడు ఎత్తాడు. ఆమె తీసింది.

"మీ తాతగారు ఆనాడు ఆ మాట అనకుండా ఉండాల్సింది" అంది కువలయ.

"ఏ మాట?"

"'మీలో మగాళ్ళుంటే వచ్చి లంక తీసుకోండి, లేకపోతే గాజులు పంపుతాం తొడుక్కోండి' అని కబురు పెట్టారట కదా. మా అవ్వ చెప్పేది."

సుధన్వుడు తెల్లబోయాడు. "అది కాదండీ మా తాతగారు పంపింది. 'ఈ ఏటి పంట మీరు కోసుకోండి, వచ్చే ఏటిది మేం కోసుకుంటాం, ఆ మీదట కూర్చుని మాట్లాడుకుందాం' అన్నారు. మా నాయనమ్మ పక్కనే ఉండి విందట. దానికి మీ తాతగారు, 'మీ శవాల మీదే మా పంట' అని జవాబు పంపారు."

"లేదు, లేదు! ఆ మాట విని కూడా మా తాతగారు రాయబారికి తాంబూలం ఇచ్చి మరీ పంపారు. 'మీరే ముందు కోసుకోండి' అన్నారు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇద్దరూ నిజమే చెబుతున్నారు" అంది ఒక బొంగురు గొంతు. తుమ్మ కొమ్మ మీద ఒక ముసలి రాబందు కూర్చుని ఉంది. "ఏడు సముద్రాల అవతల ఘోరజిహ్వుడనే మాంత్రికుడు ఉన్నాడు. మనుషుల పగే వాడికి తిండి. ఒకరి కబురు ఇంకొకరు మోసుకెళ్తుంటే దారిలోనే దాన్ని మింగేసి, ఆ చోట విషం పెడతాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. మింగిన మాటలూ ఆ చిలక కడుపులోనే ఉన్నాయి."

"యుద్ధం ఉంటేనే గదా నీకు కడుపు నిండేది? మాకెందుకు చెబుతున్నావు?" అన్నాడు సుధన్వుడు.

"మా అమ్మా ఇక్కడే తిని బతికింది నాయనా, నేనూ ఇక్కడే తిన్నాను. కానీ పోయినేడు నేను తిన్న కుర్రాడికి ఇంకా మీసాలు రాలేదు. అప్పట్నుంచీ నాకు ముద్ద దిగడం లేదు."

సుధన్వుడు లేచి నిలబడ్డాడు. "ఆ చిలకని తెస్తాను."

"చంపకండి" అంది కువలయ. "చంపితే మాటలూ పోతాయి. వచ్చే ఏడు వానలు వెనకబట్టేలోగా రండి. మా నాన్నగారిని నేను ఈ లంక దాకా లాక్కొస్తాను."

సుధన్వుడు అన్నకి చితి పేర్చి, తల్లి గది తలుపు దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, వెళ్ళొస్తాను."

లోపల్నుంచి మాట వచ్చింది: "నువ్వూ లంక తెస్తావా?"

"లంక తేనమ్మా. మాట తెస్తాను."

తలుపు తెరుచుకోలేదు.

రాబందు అతణ్ణి వీపున ఎక్కించుకుని కొండలు దాటించి సముద్రపు ఒడ్డున దింపింది. అక్కడ పడవంత తాబేలు ఒకటి ఉంది. "ఘోరజిహ్వుడి దగ్గరికా?" అంది తాబేలు. "నా వీపు మీద చాలామంది వెళ్ళారు. అందరూ వాణ్ణి చంపాలనే వెళ్ళారు. ఒక్కడూ తిరిగి రాలేదు. కోపంతో వెళ్ళేవాడు వాడికి కలిపిన ముద్దలాంటివాడు. నీకు కోపం ఉందా?"

"ఉంది."

"మరి దాన్నేం చేస్తావు?"

"మోసుకెళ్తాను. వాడి ముందు మాత్రం మూట విప్పను."

తాబేలు అతణ్ణి వీపు మీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటారు, రెండో సముద్రం దాటారు, మూడో సముద్రం దాటారు. దాటినకొద్దీ నీళ్ళు నల్లబడ్డాయి, గాలి బరువెక్కింది. ఏడో సముద్రంలో అసలు చప్పుడే లేదు. అల విరిగినా వినపడదు. సుధన్వుడు అన్నల పేర్లు పైకి అనుకుని చూశాడు. తన గొంతు తనకే వినపడలేదు.

ఆ సముద్రం అవతలి దీవి మీద ఒక ఇల్లు. ఇంటి అరుగు మీద ఒక ముసలాయన, చూస్తే ఎవరింటి తాతయ్యో అనిపించేలా, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఘోరజిహ్వుడు వాడే.

"రా బాబూ, అలిసిపోయావు" అన్నాడు. "ఏం కావాలి నీకు? మాల్యగిరిని ఒక్క పూటలో బూడిద చేసే కత్తి ఇవ్వనా?"

"వద్దు."

"భద్రసింహుడి తల ఇవ్వనా? ఆ మాల్యగిరి రాజు తల ఇక్కడికే తెప్పిస్తాను."

"వద్దు."

"పోనీ, మీ పెద్దన్నని పొడిచినవాడు ఇంకా బతికే ఉన్నాడు. వాడి పేరు చెప్పనా?"

పిల్లలూ, ఇక్కడ సుధన్వుడికి అవునని అనాలనిపించింది. ఆ పేరు ఒక్కటి వింటే చాలుననిపించింది. అయినా మూట విప్పలేదు. "వద్దు" అన్నాడు. "నేను అడగడానికి రాలేదు తాతా. కబురు మోసుకొచ్చాను. ఈ కబురు నువ్వు మార్చలేవని మా దేశంలో అందరూ అంటున్నారు."

మాంత్రికుడు పగలబడి నవ్వాడు. "నేను మార్చలేని మాట ఇంకా పుట్టలేదు! చెప్పు."

"నీకు చెప్పను. నీ చిలక చెవిలో చెబుతాను. చేతనైతే మార్చు."

వాడికి పంతం వచ్చింది. లోపలికి వెళ్ళి పంజరం తెచ్చాడు. చిలక ఉబ్బిపోయి ఉంది. ఈకలు బూడిద రంగుకి తిరిగాయి. నిలబడలేక ఒక పక్కకి ఒరిగి ఆయాసపడుతోంది. సుధన్వుడు దాని చెవిలో అన్నాడు: "నీ కడుపులో బరువు దించుకోవాలని లేదూ? నాతో వచ్చెయ్."

"ఏమన్నాడే?" అన్నాడు మాంత్రికుడు.

చిలక కళ్ళు తెరిచింది. "కుందవరం రాజూ మాల్యగిరి రాజూ ఉత్తరపు రేవులో దిగారట. నీ కాళ్ళ మీద పడి సాయం అడగాలని కాచుకుని ఉన్నారట."

ఊళ్ళోవాళ్ళ కబుర్లన్నీ తిప్పినవాడికి తన చిలక తనకే కబురు తిప్పి చెబుతుందని తట్టలేదు. పంజరం అరుగు మీదే వదిలేసి పంచె ఎగ్గట్టి ఉత్తరానికి పరుగెత్తాడు. సుధన్వుడు పంజరం చంకన పెట్టుకుని దక్షిణానికి పరుగెత్తాడు. తాబేలు కాచుకునే ఉంది.

సుధన్వుడు చిలకతో లంక చేరేసరికి వానలు వెనకబట్టాయి. లంకకి ఇటు ప్రతాపకేతుడి సేన, అటు భద్రసింహుడి సేన. నడుమ ఇసకలో కువలయ తన తండ్రి గుర్రం కళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. "ఈ ఒక్క మాట విని తరవాత నన్ను తొక్కించుకుంటూ వెళ్ళండి నాన్నగారూ" అంటోంది. సుధన్వుడు తన తండ్రి చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకొచ్చాడు. పంజరం తలుపు తీశాడు.

చిలక ముందు కుందవరం తాతగారి గొంతుతో మాట్లాడింది: "ఈ ఏటి పంట మీరు కోసుకోండి." తరవాత మాల్యగిరి తాతగారి గొంతుతో: "మీరే ముందు కోసుకోండి." మళ్ళీ కుందవరం తాతగారి గొంతుతో: "తగువెందుకు? నేనే వస్తున్నాను, కలిసి భోంచేద్దాం."

రాజులిద్దరికీ చిన్నప్పుడు విన్న గొంతులవి. ఇద్దరూ ఉన్నచోటే కరిగిపోయారు.

"చూశారా!" అన్నాడు ప్రతాపకేతుడు. "పాపమంతా ఆ మాంత్రికుడిది. నా బిడ్డల్ని మింగింది వాడే. ఆ చిలక మెడ విరిచెయ్యండి!"

"ఆగండి మహారాజా" అంది చిలక. "నేను మింగింది ఈ మూడు కబుర్లే. నాలుగోది మింగాలని వచ్చి చూస్తే మార్చడానికి అందులో మంచి మాట ఒక్కటీ మిగల్లేదు. మీరు పంపినవి పంపినట్టే చేరాయి."

"మరి మా అన్నలు పోయిన ఏళ్ళలో పంపిన కబుర్లు?" అన్నాడు సుధన్వుడు.

"అవి మీ నాన్నగారివే. కువలయ అన్నని యుద్ధానికి తోసిన కబురు ఆమె నాన్నగారిదే."

ప్రతాపకేతుడు ఇసకలో చతికిలబడ్డాడు. భద్రసింహుడు గుర్రం దిగాడు గానీ ఎక్కడ నిలబడాలో తెలియలేదు. చిలక, మోసిందంతా దించేసుకుని, సుధన్వుడి అరచేతిలో ఈకంత తేలికై కన్ను మూసింది. ఏడు సముద్రాల అవతల ఉత్తరపు రేవులో రాజుల కోసం చూస్తూ చూస్తూ మాంత్రికుడూ కూలిపోయాడు.

మాంత్రికుడు పోయాడు సరే, లంక ఇంకా ఒక్కటే, రాజులు ఇంకా ఇద్దరే. అందుకని కువలయా సుధన్వుడూ కూర్చుని మూడు కట్టుబాట్లు చేశారు. తగువు వస్తే రాజులిద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి, నడుమ రాయబారి ఉండకూడదు. మాటలతో తెగకపోతే ఇద్దరికీ చెందని మూడో రాజ్యం పెద్దలు చెప్పిన తీర్పు ఇద్దరూ ఒప్పుకోవాలి. తీర్పు వచ్చేదాకా ఒక్క సైనికుడు కూడా లంక మీద గానీ అవతలి ఒడ్డున గానీ అడుగు పెట్టకూడదు. రాజులిద్దరూ మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి ఈ మూడింటికీ ఒట్టు పెట్టారు.

సముద్రతీరపు సాగరపురం నుంచి శాంభవీదేవి అనే ముసలి రాణి ఇద్దరు పెద్దలతో వచ్చింది. చలికాలమంతా రెండు ఒడ్డులూ తిరిగింది, రెండు వైపుల రైతులనీ అడిగింది. ఆఖరికి అందరి ముందూ చెప్పింది: "నది ఒక్క రాత్రిలో గెంతింది. నది గెంతితే నేల యజమాని మారడు. లంక మాల్యగిరిది."

కుందవరం సేన ఒక్కసారిగా భగ్గుమంది. "మన వైపు బలం ఎక్కువుంది ప్రభూ, ఊఁ అనండి" అన్నాడు సేనాపతి. సుధన్వుడు ఇసకలో అడ్డంగా నిలబడ్డాడు. "లంక మీద అడుగు పెట్టేవాడు ముందు నన్ను దాటాలి" అన్నాడు. సేనాపతి అతన్ని చూసి కత్తి ఒరలో పెట్టాడు.

ఆ సాయంత్రం తల్లి గది తలుపు తెరుచుకుంది. "లంక వాళ్ళదేనన్నమాట" అంది మనోరమాదేవి. "మరి నా పిల్లలు ఎందుకు పోయార్రా?"

సుధన్వుడు ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

ఎండాకాలం రాకముందే ప్రతాపకేతుడు మంచం పట్టి పోయాడు. సుధన్వుడు రాజయ్యాడు. కువలయని పెళ్ళాడాడు. మేళాలు మోగాయి, పందిళ్ళు వేశారు, ఊరంతా భోజనాలు పెట్టారు. కానీ రెండు ఊళ్ళలోనూ విధవరాళ్ళు ఎక్కువగా ఉన్న పెళ్ళి అది. పాటలు పాడేవాళ్ళు మధ్యమధ్య ఆగిపోయేవాళ్ళు.

తరవాత కూడా తగువులు వచ్చాయి. పశువుల మేత కోసం ఒకటి, చేపల రేవు కోసం ఒకటి, కాలవ నీళ్ళ కోసం ఒకటి. వచ్చినప్పుడల్లా రాజులు ఎదురెదురుగా కూర్చున్నారు. తెగకపోతే మూడో వాళ్ళని పిలిచారు. ఒకసారి కుందవరం ఓడింది, ఒకసారి మాల్యగిరి ఓడింది. ఓడినవాళ్ళు తిట్టుకుంటూ ఇంటికి వెళ్ళారు. ఇంటికి మాత్రం వెళ్ళారు.

లంకలో మాల్యగిరి రైతులు పుచ్చపాదులు పెట్టారు. సుధన్వుడికీ కువలయకీ కొడుకు పుట్టి పెద్దవాడవుతున్నాడు. ఒక పొద్దున తన తాత భద్రసింహుడి రైతులు కాయలు కోస్తున్నారని వాడు పరుగున బయల్దేరుతుంటే మనోరమాదేవి గడపకి అడ్డంగా నిలబడింది.

"వీణ్ణి కూడా లంకకి పంపుతున్నావా కోడలా?"

"పంపుతున్నాను అత్తయ్యా" అంది కువలయ. "సాయంత్రానికి వచ్చేస్తాడు."

మనోరమాదేవి అన్నం తినలేదు. పొద్దంతా ఒడ్డున కూర్చుని నీళ్ళవంక చూస్తూనే ఉంది. పొద్దు వాలే వేళకి వాడు మూతి నిండా ఎర్రటి రసంతో, మోకాలు గీరుకుని, కుంటుకుంటూ ఇసకలో నడిచి వచ్చాడు. ఆమె వాణ్ణి దగ్గరికి లాక్కుని, ఇన్నేళ్ళలో మొదటిసారి బావురుమని ఏడ్చింది.