పక్కదారి పట్టని నిధులు

సూటిపల్లెలో తెలివిగలవాళ్ళు ఎక్కువ. ఈ మాట చెప్పింది సూటిపల్లె వాళ్ళే. "మాకు ఒక మాట చెబితే చాలు, ఉన్నది ఉన్నట్టు పట్టుకుంటాం, అటూ ఇటూ పోనివ్వం" అని వాళ్ళ ప్రెసిడెంటు చెంచురామయ్య కనపడిన ప్రతివాడికీ చెప్పేవాడు. నాది పక్క ఊరు గనక నాకు చాలాసార్లు చెప్పాడు.

ఆ ఊళ్ళో ఓబులమ్మ అని ఒంటరి మనిషి ఉండేది. అడవికి ఆనుకుని పొలిమేర పక్కనే ఆమెకు రెండెకరాల చేను. రెండేళ్ళుగా వేరుశెనగ వేస్తోంది, రెండేళ్ళుగా అడవిపందులు తవ్వి తినేస్తున్నాయి. మూడో ఏడు పంచాయతీ ఆఫీసుకొచ్చి, "అన్నా, ఈసారి కూడా పందులు నా చేను తింటే మా అక్క ఊరికి పోతాను. మళ్ళీ ఈ ఊళ్ళో నా మొహం చూడరు" అంది. పాపం, ఏడుస్తూనే అంది.

చెంచురామయ్య అర్జీ పెట్టాడు. పొలిమేరకు కంచె వేసుకోమని ప్రభుత్వం భద్రతా నిధి ఇచ్చింది. ఆ నిధితో ముళ్ళతీగ, రాతికూసాలు కొనిచ్చి, ఆఫీసరు రెండే ముక్కలు చెప్పాడు. "నిధులు పక్కదారి పట్టకూడదు. పది రోజుల్లో వస్తాను, పొలిమేరలో నాకు ఒక్క పంది కనపడకూడదు."

అంతే. తీగ ఎత్తిన బండి ఊరి మొదట్లోనే ఆగిపోయింది.

"ఇక్కణ్ణుంచి పొలిమేర దాకా పక్కదారులు ఎన్నున్నాయిరా?" అన్నాడు చెంచురామయ్య.

"మూడు" అన్నాడు బండి తోలే గంగులప్ప. "బావి దారి, బడి దారి, ఓబులమ్మ చేని దారి."

"ఎద్దులు ఏదో ఒక దారి పట్టాయంటే మన పరువేం కాను?"

ఇంకేముంది, సామాను దించారు. బావి దారికి అడ్డంగా కూసాలు పాతి అయిదు వరసల తీగ లాగారు. బండి అటు తిరగలేదు. అందరూ సంతోషించారు. నీళ్ళకు పోయిన ఆడవాళ్ళు మాత్రం అవతలే ఉండిపోయి, బిందెలు కంచె మీదుగా అందించారు. బడి దారికీ అంతే. పంతులుగారు అవతల నిలబడి పాఠం అరిచి చెప్పాడు, పిల్లలు ఇవతల కూర్చుని విన్నారు.

ఓబులమ్మ చేని దారి వెడల్పుగా ఉంటుంది. మిగిలిన తీగంతా దానికే పట్టింది.

"పందులు ఇటు నుంచి రావు గదన్నా, అడవి నుంచి వస్తాయి" అంది ఓబులమ్మ.

"అది పందుల సంగతమ్మా. ఇప్పుడు నిధుల సంగతి చూస్తున్నాం."

బండి ఎక్కడా పక్కదారి పట్టకుండా పొలిమేర చేరింది, ఖాళీగా.

తొమ్మిదో రోజు పొద్దున పందులు దిగాయి. పొలిమేరలో ఒక్కటి కూడా కనపడకూడదు గదా, ఊరంతా డప్పులు పట్టుకుని కదిలింది. మందను మందగా తోలుకొచ్చి ఓబులమ్మ చేలో దించారు.

"అడవిలోకి తోలరాదా అన్నా?" అని ఆమె నెత్తీ నోరూ బాదుకుంది.

"అడవిలోకి తోలితే మళ్ళీ వస్తాయమ్మా. చేలో అయితే తింటూ కదలకుండా ఉంటాయి" అన్నాడు చెంచురామయ్య.

మర్నాడు ఓబులమ్మ మూట కట్టుకుని అక్క ఊరికి బయల్దేరింది. ఆ ఊరికి పోవాలన్నా చేని దారే. అయిదు వరసల తీగ, ఎక్కనూ లేకపోయింది, దూరనూ లేకపోయింది. వెనక్కి వచ్చింది. వచ్చింది గానీ అన్న మాట అన్నదే గదా. ఆమె కూడా సూటిపల్లె మనిషే మరి. శెనక్కాయల కోసం అల్లించుకున్న కొత్త గంప తీసి, మొహం కనపడకుండా తలమీద బోర్లించుకుంది.

అప్పుడే ఆఫీసరు వచ్చాడు. పొలిమేర ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. పంది లేదు. కంచె కూడా లేదు.

"కంచె ఏదయ్యా?"

"పక్కదారులకు వేశాం సార్, నిధులు పట్టకుండా."

ఆఫీసరు సంచిలోంచి అర్జీ తీసి చదువుకున్నాడు. "అర్జీలో రాశారే, ఆ ఓబులమ్మ ఏది?" అన్నాడు.

"ఊరొదిలి వెళ్ళిపోయింది సార్" అన్నాడు చెంచురామయ్య, పక్కనే నిలబడ్డ గంప వైపు చూపిస్తూ. "కావాలంటే ఆమెనే అడగండి."

"అవును సార్" అంది ఓబులమ్మ గంపలోంచి. "నేను పోయి రెండు గంటలవుతోంది."