తొమ్మిది రూపాయల దండ

అనగనగా అంటే ఊఁ అనాలి. ఊఁ అనే గొంతు ఉన్నంతసేపే కథ కదులుతుంది. ఆ గొంతు ఆగితే కథ కూడా నడిదారిలో నిలబడి, ఎటు పోవాలో మరచిపోతుంది. కనుక ఊఁ అనండి.

అనగనగా ఆదోని పట్నం. ఆ పట్నంలో దూది ఏకి పరుపులు కుట్టే మౌలాలి స్వామి. ఆయన దగ్గర కూర్చుని నాలుగు మంచి మాటలు వినడానికి ప్రతి శుక్రవారం పదిమంది శిష్యులు చేరేవారు. వారిలో అందరికంటే ముందు వరుసలో కూర్చునేవాడు, అందరికంటే ముందు కోపం తెచ్చుకునేవాడు దస్తగిరి. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం అతనిది.

ఒక ఆదివారం ఊరికి అవతలి తండా నుంచి సక్రీబాయి అనే ముసలమ్మ ఆ దుకాణానికి వచ్చింది. కొంగుముడి విప్పి తొమ్మిది వెండి రూపాయలు బల్ల మీద పరిచింది. తెల్లదొరల నాటివి; ఒకవైపు రాజు తల. ఒకప్పుడు అవి దండగా ఎవరి మెడలోనో వేలాడినవి. దండ తెగి ఏళ్లు గడిచాయి. కొక్కేలు ఊడిపోయాయి గాని, వాటిని అతికించిన చోట ప్రతి రూపాయి నెత్తినా ఒక టంకం బుడిపె మిగిలిపోయింది.

"ఫోన్లో పెడితే పాత రూపాయలకు మంచి రేటు వస్తాదంట గదా సామీ," అంది సక్రీబాయి. "మనవరాలికి నర్సు చదువులో సీటొచ్చింది. శుక్రవారం లోపల ఫీజు కట్టాల. నీతో కాకపోతే చెప్పు, శెట్టి అంగట్లో కరిగించి తూకానికి ఇచ్చేస్తా."

"కరిగించే పని లేదవ్వా. పూచీ నాది," అన్నాడు దస్తగిరి.

పాత నాణేలు కొనేవారూ అమ్మేవారూ కలుసుకునే చోటు ఒకటి ఫోనులో ఉంది. అక్కడ తొమ్మిది రూపాయల ఫొటోలు పెట్టాడు. వెండి తూకానికి రెండింతల ధర వేశాడు. 'చాలా అరుదైనవి, ఏ మచ్చా లేనివి' అని కింద రాశాడు.

గంట తిరగకముందే మారుబేరగాళ్లు మూగారు. ఒకచోట కొని మరొకచోట అమ్ముకునే వారికి చౌకగా దొరకడమే ముఖ్యం.

"లాస్ట్ ఎంత?" అన్నాడు ఒకడు, ఫొటో తెరిచి చూడకుండానే.

"మచ్చ లేదా? మరి రాజుగారికి నెత్తిన ఆ కొమ్ము ఏందన్నా?" అన్నాడు మరొకడు.

"తూకానికి ఇస్తే ఇప్పుడే డబ్బు వేస్తా. ఐదు నిమిషాలే టైం," అన్నాడు మూడోవాడు. నాలుగోవాడు ఏమీ అనలేదు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వే బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాడు.

దస్తగిరి ఎవరినీ వదలలేదు. ఒక్కొక్కరికీ వెతికి వెతికి జవాబు రాశాడు. "నీ మొహానికి వెండి ఎందుకురా, సత్తుగిన్నె కొనుక్కో పో," అని ఒకరికి, "మీ నాయన ఎప్పుడైనా రూపాయి చూసినాడా?" అని మరొకరికి. ఆ తరువాత వారి నంబర్లు బ్లాక్ చేశాడు. బుధవారం నాటికి ఇరవైముగ్గురితో తగాదా పూర్తయింది. రూపాయలు మాత్రం తొమ్మిదికి తొమ్మిదీ సొరుగులోనే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం అతనికి ఒక ఉపాయం తోచింది. బుడిపెలు ఉన్నందుకే కదా ఈ మాటలు పడవలసి వస్తున్నది? కంసాలి చేత వాటిని అరగదీయించి, మెరుగు పెట్టిస్తే సరి. రూపాయలను రుమాలులో మూటకట్టి, జేబులో వేసుకుని బయలుదేరాడు. కంసాలి వీధికి పోయే దారిలోనే మౌలాలి స్వామి ఇల్లు. వసారాలో దూది ఏకే విల్లు తీగ ఝుమ్మంటోంది. దూది పొగలా లేచి మెల్లగా దిగుతోంది. దస్తగిరి కాళ్లు అక్కడ ఆగాయి.

జరిగినదంతా చెప్పి, "స్వామీ, ఈ మారుబేరగాళ్ల నోరు మూయించే మాట ఒకటి చెప్పండి. ఒక్కటి చాలు," అన్నాడు.

స్వామి విల్లు పక్కన పెట్టారు. "ఏవీ ఆ రూపాయలు?"

దస్తగిరి మూట విప్పాడు. స్వామి ఒక రూపాయిని వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి, బుడిపె మీద వేలు రాశారు.

"ఇదేమిటి?"

"మచ్చ స్వామీ. ఇప్పుడే పోయి అరగదీయిస్తాను."

"ఎలా వచ్చింది?"

"కొక్కెం అతికిస్తే వచ్చింది."

"ఎవరు అతికించారు?"

దస్తగిరి తెలియదన్నాడు. అది తెలిసి ఒరిగేదేమిటో కూడా అతనికి తెలియలేదు.

అంతలో ఫోను మోగింది. దస్తగిరి పేరు చూసి పళ్లు నూరాడు. "వీడే స్వామీ! రాజమండ్రి కొండలరావు. వీడొక్కడు మిగిలాడు. పొద్దుటినుంచి ఇది ఐదోసారి. ఇప్పుడు చూడండి, వీడికి ఎలా గడ్డి పెడతానో," అంటూ గొంతు సవరించుకున్నాడు.

"చెయ్యి చాపు," అన్నారు స్వామి.

దస్తగిరి చాపాడు. అప్పుడే ఏకిన దూది చిటికెడంత తీసి స్వామి అతని అరచేతిలో ఉంచారు. "దీన్ని ఎగరనీయకు," అని చెప్పి, రెండో చేతిలోని ఫోను తీసుకుని, స్పీకరు నొక్కి ఒళ్లో పెట్టుకున్నారు.

మేఘపు తునకలాంటి దూది అది. ఒక్క మాట మాట్లాడితే ఎగిరిపోతుంది; గట్టిగా ఊపిరి విడిచినా ఎగిరిపోతుంది. దస్తగిరి పెదవులు బిగించి, ముక్కుతో మెల్లగా గాలి పీలుస్తూ నిలబడ్డాడు.

"ఏవండీ దస్తగిరి గారూ, వేడి చల్లారిందా?" అంది ఫోను.

"నేను అతని గురువును నాయనా. మౌలాలి అంటారు."

"ఓహో, పెద్దాయన్ని దింపాడా! గురువుగారూ, తమరైనా చెప్పండి. మీవాడు అమ్మేవి రూపాయలా అండీ, కోటు బొత్తాలా?"

దస్తగిరి చేతిలో దూది వణికింది.

"బొత్తాలని ఎందుకు అనిపించింది నాయనా?" అని అడిగారు స్వామి. ఆ గొంతులో వెటకారం లేదు. ఎవరైనా దూరదేశం నుంచి వస్తే అక్కడ వానలు ఎలా పడతాయని అడిగినట్లుగా అడిగారు.

"ఎందుకేంటండీ? నెత్తిన టంకం. అది కూడా ఒక్కోదానికి ఒక్కోలా ఉంది."

"ఊఁ."

"రెండోదాంట్లో రాజుగారి చెంప అరిగిపోయింది. మెడకి రాసుకుని రాసుకుని."

"ఊఁ. చెమటకు అరుగుతుందా?"

"చెమట, బట్ట, రెండూనండీ. రోజూ వేసుకున్న దండ అది. పెట్టెలో దాచిందైతే అలా అరగదు." కొండలరావు మాటలో తొందర కొంచెం తగ్గింది. "ఐదోదాని వెనక చిన్న గాటుంది చూశారా? వెండో కాదో తేల్చుకోడానికి ఎవడో పెట్టుంటాడు. ఉలితో పెట్టిందండీ, కత్తితో కాదు. కత్తిగాటు ఇంత లోతు దిగదు."

"ఫొటోలోనే ఇంత చూశావా! నీకు చాలా తెలుసే."

"పంతొమ్మిదేళ్లుగా ఇదే పనండీ," అన్నాడు కొండలరావు. "లాస్ట్ ఎంత అని నేననడం, పోరా అని వాళ్లనడం. ఇంకో మాట ఎవరూ అడగరు."

"ఊఁ," అన్నారు స్వామి.

"సరే గానీ, తూకానికి ఇప్పించేయండి మరి. ఇన్ని లోపాలున్న సరుకు ఇంకెవరు కొంటారు?"

"నిజమే నాయనా. అందుకే మావాడు కంసాలి దగ్గరికి బయలుదేరాడు. ఆ బుడిపెలన్నీ అరగదీయించి..."

"అయ్యయ్యో! వద్దండీ బాబూ! ముట్టుకోనివ్వకండి!"

ఆ కేకకు దస్తగిరి ఊపిరి ఒక్కసారిగా బయటికి వచ్చింది. దూది లేచి దూలం దాకా పోయింది.

"లోపం పోతే మంచిదే కదా," అన్నారు స్వామి. "ఎందుకు వద్దు?"

ఫోనులోంచి నవ్వు వినిపించింది. దాగుడుమూతల్లో దొరికిపోయిన మనిషి నవ్వు.

"గురువుగారూ, తమరు ఏం చేస్తుంటారండీ?"

"దూది ఏకుతాను."

"బానే ఏకారు," అన్నాడు కొండలరావు. "దాచేదేముంది లెండి. నాసిక్‌లో ఒకావిడుంది, కాలేజీలో పాఠాలు చెప్తుంది. తళతళలాడే నాణేలు ఆవిడకి అక్కర్లేదు. మనుషులు ఒంటిమీద వేసుకున్నవే కావాలి. టంకం గుర్తు లేకపోతే నా మొహం కూడా చూడదు. ఆ దండ ఎవరిదో రాసిస్తే మరీ సంతోషం. అది కనుక్కుని చెప్పండి, మీవాడు పెట్టిన రేటుకే తీసుకుంటా. నాకూ మిగుల్తుంది, అబద్ధమెందుకు?"

ఫోను ఆగగానే దస్తగిరి ముఖం వెలిగిపోయింది. "చిక్కాడు స్వామీ! రెండింతలు కాదు, ఇప్పుడు నాలుగింతలు..."

స్వామి మరొక చిటికెడు దూది తీసి ఎత్తి పట్టారు. దస్తగిరి ఆగాడు. తనంతట తానే చెయ్యి చాపాడు.

ఆ సాయంత్రం అతడు కంసాలి వీధికి పోలేదు; తండాకు పోయాడు. సక్రీబాయి గుడిసె ముందు ఎండిన మిరపకాయలు గోనెకు ఎత్తుతోంది.

"అమ్ముడుపోయినాయా సామీ?"

"ఇంకా లేదవ్వా. ఈ దండ ఎవరిది?"

ఆమె చేతులు ఆగాయి. "అమ్మేదానికి అదెందుకు నీకు?"

"చెప్పవ్వా. వింటాను."

"మా యాడిది. మా అమ్మది," అంది ఆమె, అతని ముఖంలోకి కాసేపు చూసి. "ఒక్కో కానుపుకు ఒక్కో రూపాయి కట్టుకునింది. తొమ్మిది కానుపులు. బతికింది ముగ్గురం. పోయినోళ్ల రూపాయలు కూడా మెడలోంచి తియ్యలా."

"నీది ఏది?"

ఆమె కళ్లతో వెతకలేదు. రూపాయల నెత్తిన బొటనవేలు రాసుకుంటూ పోయి, ఒకదాని దగ్గర ఆగింది. "ఇది. టంకం ఎక్కువ పడింది. కడుపులోనే నీకు పొగరు అని నవ్వేది మా యాడి."

దస్తగిరి ఆ బుడిపెను చూశాడు. మధ్యాహ్నం అరగదీయించబోయినది అదే. "ఇదొక్కటి ఉంచుకో అవ్వా. ఎనిమిది అమ్ముతా. నాసిక్‌లో ఒకామె కొంటుందంట."

సక్రీబాయి ఆ రూపాయిని అరచేతిలో పెట్టుకుని, బరువు చూస్తున్నట్లు కొంతసేపు ఉంది. తరువాత మిగిలిన వాటిలో కలిపేసింది. "తొమ్మిదీ ఉంటే మా యాడి. ఒకటి తీస్తే ఉత్త వెండి. కొనే ఆమె కరిగించదు గదా?"

కరిగించదని చెప్పబోయి దస్తగిరి ఆగాడు. అక్కడే నిలబడి రాజమండ్రికి ఫోను చేసి అడిగాడు.

"కరిగించడమా? ఆవిడ నాణేలను కడగనైనా కడగదండీ!" అన్నాడు కొండలరావు.

"అయితే మా యాడి పేరు రాయి," అంది సక్రీబాయి. "సోమ్లీబాయి. పెద్దగా రాయి."

దస్తగిరి 'ఏ మచ్చా లేనివి' అన్న మాట కొట్టేశాడు. దాని చోట తొమ్మిది బుడిపెలు, అరిగిన చెంప, ఉలి గాటు, అన్నిటికంటే పైన సోమ్లీబాయి పేరు రాశాడు. గురువారం కొండలరావు డబ్బు పంపాడు. రూపాయలు రాజమండ్రికి బయలుదేరాయి. శుక్రవారం పదిగంటలకు సక్రీబాయి మనవరాలు ఫీజు కట్టింది.

ఆ సాయంత్రం శిష్యులందరూ వెళ్లినా దస్తగిరి లేవలేదు. స్వామి ఒక పరుపు అంచు కుడుతున్నారు.

"స్వామీ, ఒక్క సందేహం. బుడిపెలు అరగదీయిస్తున్నామని అన్నది కొండలరావు గుట్టు బయటపెట్టడానికే కదా? అతనికి ఆ బుడిపెలే కావాలని మీకు ముందుగా ఎలా తెలిసింది?"

స్వామి సూది ఆపి, ఆశ్చర్యంగా తల ఎత్తారు.

"నాకేం తెలుసు నాయనా?" అన్నారు. "తెలియకనే కదా అడిగాను."

ఈ కథ మొట్టమొదట చెప్పినది మా నాయనమ్మ, దూదేకుల వన్నూరమ్మ.