పాలు పొంగని పొయ్యి

ఏటికి ఆవలి ఒడ్డున, మూడు గుట్టల నడుమ, ఒకానొక రాజ్యం ఉండేది. పేరు చింతలదుర్గం. దాన్ని ఏలే ఉద్దండవర్మ మహారాజుకి లోకంలో తనకి తెలియనిది ఒక్కటీ లేదని గట్టి నమ్మకం. వాన పడితే, "నిన్ననే అనుకున్నాను" అనేవాడు. పడకపోతే, "నేనే వద్దనుకున్నాను" అనేవాడు. పక్కనుండే మంత్రి భద్రామాత్యుడు రెండింటికీ "చిత్తం" అనేవాడు.

ఆ కొలువులోనే పోలమాంబ అని ఒక పడుచు ఉండేది. సాయంకాలం సభలో పొడుపుకథలు వేసి అందరినీ నవ్వించడం ఆమె పని. ఏ గురువూ ఆమెకి ఓనమాలు దిద్దించలేదు. రాచబిడ్డలకి పాఠం చెబుతుంటే గుమ్మం ఇవతల నిలబడి, జారిపడిన అక్షరాలు ఏరుకుంది. కుదురుగా ఒకచోట కూర్చునే మనిషి కాదు. తల్లి లేని ఆ పిల్లని పెంచి పెద్దచేసింది కోట వంటశాలకి పెద్దదిక్కయిన చెన్నక్క.

చెన్నక్క చేతివంటకి పొరుగు రాజులు సైతం లొట్టలేసేవారు. కానీ ఆ పాత వంటశాల కిటికీ లేని గుహ. పొగకి ఆమె కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి. "ఇంకొక్క వానాకాలం ఈ పొగలో గడిపితే చూపు దక్కదు" అని వైద్యుడు తేల్చి చెప్పేశాడు.

"మానెయ్యరాదా పెద్దమ్మా?" అని పోలమాంబ బతిమాలేది.

"మానేసి ఏం చెయ్యనే? నీ పొడుపుకథలు వింటూ కూర్చోనా? దానికంటే పొగే నయం" అనేది చెన్నక్క.

అలా ఉండగా ఆ ఏడు ముసురుకి పాత వంటశాల కప్పు కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పోలమాంబకి మాత్రం దేవుడు మొర విన్నట్టే అనిపించింది. కొత్త వంటశాల కడుతున్నన్నాళ్ళూ మేస్త్రీ వెంటపడి, వేధించి, ఆగ్నేయ మూలన పెద్ద కిటికీ పెట్టించింది. దాని పైన పొగగూడు, దాని కింద పొయ్యికి చోటు. చెన్నక్క ఆ కిటికీ దగ్గర నిలబడి గాలి ముఖాన తగులుతుంటే కళ్ళు మూసుకుని నవ్వడం చూసి, ఆ రోజు పోలమాంబ ఎగిరి గంతేసింది.

సరిగ్గా అప్పుడే మహారాజు వేంచేశాడు.

చుట్టూ చూసి, "పొయ్యి ఎక్కడ?" అన్నాడు.

"ఆ కిటికీ కింద, ప్రభూ" అన్నాడు మేస్త్రీ.

"తప్పు!" అన్నాడు రాజు. "పడమటి గోడ మీద మా నిలువెత్తు బొమ్మ ఎందుకు వేయించామనుకున్నావు? అన్నం వండేవాళ్ళు అన్నదాత ముఖం చూస్తూ వండాలి. పొయ్యి ఆ బొమ్మ ముందు పెట్టండి."

మేస్త్రీ నసిగాడు. "పొయ్యి ఆగ్నేయంలో ఉండడం ఆచారం, ప్రభూ."

"ఆగ్నేయానికి అధిపతి ఎవరు?"

"అగ్నిదేవుడు."

"ఈ రాజ్యంలో అగ్నికి అధిపతి ఎవరు?"

"తమరే!" అన్నాడు భద్రామాత్యుడు, మేస్త్రీ నోరు తెరిచే లోపలే.

చెన్నక్క కొంగు సర్దుకుని ముందుకొచ్చింది. "ఏలినవారు మన్నించాలి. అక్కడ పొగ పోయే దారి లేదు."

"మా ముఖం ముందు పొగ నిలుస్తుందా?" అని రాజు మీసం దువ్వాడు.

పోలమాంబ నాలుక ఊరుకోలేదు. "నిలవడమేమిటి ప్రభూ, కాపురమే పెడుతుంది" అనేసింది.

వంటవాళ్ళ నవ్వులు కొంగుల్లో దాగాయి. రాజు కళ్ళెర్రజేశాడు. "మా మాట తప్పంటావా? అయితే అది తప్పని మా నోటితోనే అనిపించు. రేపు పొద్దుగుంకే లోపల అనిపించలేకపోయావో, నువ్వూ నీ పెద్దమ్మా కోట గడప దాటాలి."

రాజు వెళ్ళగానే చెన్నక్క పోలమాంబ నెత్తిన మొట్టింది. "నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే! ఇప్పుడు నన్నెక్కడికి తీసుకుపోతావు? సరే, పోతే పోయింది. పొయ్యి వేస్తున్నారు కదా, రేపు ఎలాగూ పాలు పొంగించాలి. పొంగేదాకా పీట మీంచి లేస్తే ఇంటికి అరిష్టం. ఆ పొగలో అంతసేపు ఎలా కూర్చుంటానో ఏమో..."

పోలమాంబ చటుక్కున తలెత్తింది. "కొత్త పొయ్యి మీద పాలు ఎవరు పొంగించాలి పెద్దమ్మా?"

"ఇంకెవరు? ఇంటి యజమాని. వాళ్ళకి తీరక మనచేత చేయిస్తారు గానీ."

మర్నాడు పొద్దున్నే పోలమాంబ కొలువుకి వెళ్ళి చేతులు జోడించింది. "ప్రభూ, తమరు ఎంచిన చోటున పొయ్యి వేశారు. అంత గొప్ప చోట మాలాంటి వాళ్ళు తొలి నిప్పు ముట్టించడం బాగుండదు. యజమాని తమరు. తమ చేతుల మీదుగా పాలు పొంగాలి. పొంగేదాకా లేవకూడదు, ముఖం తిప్పకూడదు. లేస్తే రాజ్యానికి కీడు."

"ఇది మాకు నిన్ననే తోచింది" అన్నాడు రాజు, ఛాతీ విరిచి.

పీట వేశారు. పోలమాంబ చిన్న ముంతతో పాలు తెచ్చింది.

"ముంతా? ఉద్దండవర్మ పొంగించే పాలు ముంతలోనా? గంగాళం తెప్పించండి! ఊరందరికీ పంచుదాం."

"గంగాళమైతే చాలా సేపు పడుతుంది, ప్రభూ."

"మాకు ఓపిక లేదనుకున్నావా?"

"చిత్తం" అన్నాడు భద్రామాత్యుడు.

నలుగురు మోసుకొచ్చి గంగాళం పొయ్యి మీదికెక్కించారు. రాజు నిప్పు ముట్టించాడు. రాత్రికి రాత్రి వేసిన పొయ్యి, తడి ఇంకా ఆరలేదు. కట్టెలు పచ్చివి. పొగ లేచింది. గోడకి కొట్టుకుంది. పోయే దారి లేక వెనక్కి తిరిగి, సూటిగా రాజుగారి ముక్కులోకి వచ్చింది.

రాజు ఒకసారి దగ్గాడు. రెండోసారి దగ్గాడు. ఆపైన దగ్గడం మానలేదు.

"భద్రామాత్యా! ఎక్కడున్నావయ్యా?"

"ఇక్కడే, ప్రభూ!" అన్న మాట పెరటి చింతచెట్టు కిందినుంచి వినిపించింది.

చెన్నక్కని గడప బయటే ఆపేసి, పోలమాంబ మాత్రం రాజు పక్కనే నేల మీద కూర్చుంది. ఆమె కళ్ళూ ధారలు కడుతున్నాయి. రాజు మొండివాడు, పాలు పొంగేదాకా పంతం పట్టి కూర్చుంటే? సాయంత్రానికి పెద్దమ్మని వెంటబెట్టుకుని ఏ ఊరు పోవాలి?

"పొంగాయా?" అన్నాడు రాజు.

"ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి, ప్రభూ. పోనీ ఎదురుగా ఉన్న తమ దివ్యముఖాన్ని చూస్తూ కూర్చోండి, పొద్దు తెలియదు."

"ఎక్కడ ముఖం? నాకు నా చెయ్యే కనిపించడం లేదు!"

"అయ్యో! వండేవాళ్ళు చూడాలనే కదా అక్కడ వేయించారు!"

రాజు ఏదో అనబోయి మళ్ళీ దగ్గాడు. లేవబోయాడు. లేస్తే కీడని గుర్తొచ్చి పీట పట్టుకుని కూలబడ్డాడు. చివరికి గొంతు తగ్గించి, "పోలమాంబా, కీడు తగలకుండా ఇక్కణ్ణుంచి లేచే ఉపాయం ఏదైనా ఉందా?" అన్నాడు.

"ఒక్కటి ఉంది, ప్రభూ. ఎక్కడ వంట జరుగుతుందో అక్కడే పాలు పొంగాలని ఆచారం. ఇక్కడ వంట జరగదని యజమాని నోటితో అంటే, ఇది పొయ్యే కాదు. పొయ్యి కానిదాని ముందునుంచి లేస్తే కీడేమిటి?"

రాజు ఊపిరి బిగబట్టాడు. మీసం మీదికి చెయ్యి వెళ్ళి ఆగిపోయింది.

"జరగదు! ఇక్కడ వంట జరగదు! ఇక్కడ పొయ్యి పెట్టమనడం మా తప్పే! ఆ కిటికీ కిందికి మార్చండి!" అని కేకపెట్టి, పీట తన్నేసి, ఒక్క ఉరుకున కిటికీ దగ్గర పడ్డాడు.

చల్లగాలి తగిలాక గాని ఆయనకి మనిషి రూపు రాలేదు. ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకుంటూ, గడపలో నిలబడ్డ చెన్నక్క ఎర్రటి కళ్ళకేసి చూశాడు. "ఇలా ఎన్నాళ్ళుగా?"

"ఇది పుట్టకముందు నుంచీ, ప్రభూ" అంది చెన్నక్క, పోలమాంబని చూపిస్తూ.

రాజు ఆమెకి కిటికీ దగ్గర చోటిచ్చి పక్కకి జరిగాడు. తర్వాత పోలమాంబ వైపు తిరిగి, "మా నోటితోనే అనిపించావు కదూ! అదీ మా చేత బతిమాలించుకుని మరీ!" అంటూ మొదలుపెట్టి, పొగ ముఖంతో, పొట్ట పట్టుకుని నవ్వాడు. "మరి మా బొమ్మ గతేమిటి?"

"దాన్ని భోజనశాలలో వేయించండి, ప్రభూ. వండేవాళ్ళు పొయ్యిని చూస్తే చాలు. అన్నదాతని చూడాల్సింది తినేవాళ్ళు."

"ఇది మాకు..." అని మొదలెట్టాడు రాజు. ఆగి, "లేదు. ఇది మాకు తోచలేదు" అన్నాడు. మెడలోని ముత్యాలహారం తీసి పోలమాంబ చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రమే కిటికీ కింద కొత్త పొయ్యి వేశారు. ఆరనిచ్చి, మంచి రోజు చూసి, చెన్నక్కే చిన్న ముంతలో పాలు పొంగించింది. పొగ బుద్ధిగా గూట్లోంచి ఆకాశానికి పోయింది. "పొంగుతున్న నురగ కనిపిస్తోందే అమ్మాయీ, బుడగ బుడగా కనిపిస్తోంది" అని చెన్నక్క మళ్ళీ మళ్ళీ చెబుతుంటే, ఒకచోట కుదురుగా ఉండని పోలమాంబ ఆమె పక్కనే కదలకుండా కూర్చుని వింది.

మహారాజు తొలి గుక్క పాలు తాగి, నిండుకొలువులో చాటించాడు: "ఇకమీదట మా రాజ్యంలో ఎవరు ఏ కట్టడానికి పటం గీసినా, అది కట్టాక ముందు వాళ్ళే ఒక రోజంతా అందులో పని చేసి చూడాలి!"

సభ అంతా జేజేలు పలికింది. కొత్త గజశాలకి పటం గీసి తెచ్చిన భద్రామాత్యుడు మాత్రం, చిత్తం అనడం మరిచిపోయి, ఆ పటాన్ని మెల్లగా వీపు వెనక దాచుకున్నాడట.