పిండి పోసే చేతి నోము

పొయ్యి అలికి ముగ్గు పెట్టవలెను. చింతపండు నానవేసి పిప్పి తీయవలెను. గుమ్మడిముక్కలు, మునగకాడలు, బెండకాయలు ఉడకవేయవలెను. ఉప్పు, పసుపు, బెల్లము చేతికందునట్లు ఉంచుకొనవలెను. బియ్యపుపిండి చెంబులో వేసి, చన్నీళ్ళు పోసి, ఉండలు లేకుండ కలుపవలెను. వేడినీళ్ళు పనికిరావు. అన్నిటికన్న ముందు, ఆ పిండి పోయుటకు ఇంకొకరిని పిలుచుకొని రావలెను. ఆ మనిషి రానిదే పొయ్యి వెలిగించరాదు. ఇక అక్షతలు పట్టుకొని కథ వినుడు.

పూర్వము వేదవర్ధనుడను ముని శాలంక మహామునికి నమస్కరించి, పదిమందికి వండిపెట్టియు తాము ఒంటరిగ తినువారికి తోడు కలుగు నోమేదైన ఉన్నదా అని అడిగెను. శాలంకుడు ఇట్లు చెప్పెను.

గోదావరి రేవున కామేశమ్మ, పేరమ్మ అను తోడికోడళ్ళు ఉండిరి. పడవ మునిగి భర్తలిద్దరును ఒక్కనాడే పోగా, వారు పూటకూళ్ళ ఇల్లు పెట్టుకొని బ్రతుకుచుండిరి. పెద్దదైన కామేశమ్మ గుండిగలో తెడ్డును రెండు చేతులతో తిప్పుచుండెను. చిన్నదైన పేరమ్మ పిండినీళ్ళ చెంబును కుదుపుచు సన్నని ధారగ పోయుచుండెను. పులుసు చిక్కబడి, అన్నము మీద పోసినను జారక నిలుచుచుండెను. దాని కొరకే బాటసారులు ఆ రేవున దిగుచుండిరి.

ఒకనాడొక పెద్దమనిషి విస్తరి ముందు వేళ్ళు నాకుచు, ఈ పులుసు ఎవరి చేతి వంట అని అడిగెను.

"నాదేనండీ," అని కామేశమ్మ చెప్పెను. పేరమ్మ చెంబుతో తలుపువద్దనే నిలిచి వినెను.

"నేను పోసేది ఏమీ కాదా అక్కా?" అని ఆ సాయంత్రము అడిగెను.

"చెంబు వంచడం కూడా వంటేనా పేరమ్మా? గోడకి ఆనిస్తే గోడే వంచుతుంది."

మరునాడు పేరమ్మ పడవ ఎక్కి ఆవలి ఒడ్డునకు పోయెను.

కామేశమ్మ ఒంటిగనే వండెను. చెంబు వంచబోగా తెడ్డు ఆగెను. తెడ్డు తిప్పబోగా చెంబులో పిండి అడుగున పేరుకొనెను. తుదకు ఒక్కసారిగ కుమ్మరించెను. పులుసు నిండ ఉండలు కట్టెను.

"ఏవమ్మా, ఇది పులుసా, ఉండ్రాళ్ళ పాయసమా?" అని బాటసారులు నవ్విరి. కొన్నాళ్ళకు నవ్వువారును రాకపోయిరి. విస్తళ్ళ కట్ట ఎండి పొడి రాలెను. కామేశమ్మ గంటెడు బియ్యము వండుకొని, గోడను చూచుచు తినుచుండెను. ఇట్లు మూడేండ్లు గడచెను.

అంతట ఒకనాడు ముసలి బిచ్చగత్తె రూపమున అన్నపూర్ణాదేవి వచ్చి, ఈ నోము విధానము చెప్పెను. నావంటిది నోములకు పనికివచ్చునా అని కామేశమ్మ బొట్టులేని నొసలు తడుముకొనగా, ఆకలికి లేని పట్టింపు ఈ నోమునకు లేదని ఆ ముసలిది చెప్పి వెడలెను.

కామేశమ్మ అన్నియు సమకూర్చెను. కాని ఇంకొకరిని పిలుచుటకు మనసొప్పలేదు. చెంబు అడుగున చిల్లి పెట్టి ఉట్టికి కట్టి, తాను తెడ్డు తిప్పెను. పిండి దిగి చిల్లి మూసుకొనెను. ఆమె చెంబును తట్టగా ఉట్టి తెగి, చెంబే గుండిగలో పడెను. మరుగు పులుసు చింది ఆమె మణికట్టు బొబ్బలెక్కెను.

మరల వచ్చి వాకిట నిలిచిన ముసలిది, "చెయ్యి తెమ్మంటే చిల్లిచెంబు తెచ్చావుటే అమ్మీ?" అనెను.

కామేశమ్మ చేతికి గుడ్డ చుట్టుకొని ఆవలి ఒడ్డునకు పోయెను. పేరమ్మ తాటాకు పాకలో కుంపటి ముందు కూర్చుండి యుండెను. కుంపటి మీది గిన్నెలో నీళ్ళవంటి చారు కాగుచుండెను.

"పులుసు పెట్టుకోవటం లేదా?" అని కామేశమ్మ గిన్నెలోనికి వంగి చూచుచు అడిగెను.

"పోయగలను గానీ కదిపేదెవరక్కా? మూడేళ్ళుగా చారే."

"గోడ వంచలేదే పేరమ్మా. నువ్వు రా."

పేరమ్మ ఆ మణికట్టు చూచెను. "గోడ తెలివైంది. నేనే పిచ్చిదాన్ని," అని కుంపటి ఆర్పెను.

నాడే నోము చెల్లించిరి. ఒకరు పోసిరి, ఒకరు కదిపిరి. పచ్చివాసన పోయి పులుసు చిక్కబడెను. ఆ పులుసు ఘుమఘుమకు పడవలు మరల రేవున ఆగెను, ఇల్లు కళకళలాడెను. ఎవరి చేయి అని ఎవరడిగినను కామేశమ్మ రెండు పేర్లును చెప్పుచుండెను.

పదేండ్లకు పేరమ్మ జ్వరమున కన్ను మూసెను. పెద్దకర్మ వెళ్ళిన పిమ్మట కామేశమ్మ పొరుగింటి చాకలి నూకాలమ్మను పిలిచి, చెంబు కుదుపుట నేర్పెను. ఆనాడు భోజనము చేసినవారు ఎవరి చేయి అని అడిగిరి. "పోసింది నూకాలమ్మ. నేర్పింది పేరమ్మ," అని చెప్పి లోనికి పోయి, తెడ్డు పట్టుకొని చాలసేపు నిలిచెను.

కావున వేదవర్ధనా, భర్త ఉన్నవారు, లేనివారు, తోడికోడలితో మాటలు మానినవారు, ఊరు మారి ఒక్కరే వండుకొనువారు, ఆడవారు, మగవారు ఈ నోము నోచవచ్చును. నోచినవారి పులుసు ఉండ కట్టదు, వారి విస్తరి పక్కన ఇంకొక విస్తరి తప్పదు. పద్ధతి తప్పినను ఫలము తప్పదు, పిలుచుట మాత్రము తప్పరాదు.

కథ విన్నవారలారా, అక్షతలు తలపై వేసుకొనుడు. మీ పులుసు చిక్కబడు వేళ, ఆవలి ఒడ్డున మూడేండ్లు చారు కాచుకొన్న పేరమ్మను ఒక్కసారి తలచుకొనుడు.