పోలయ్య పథ్యం

పేరయ్య గారి దొడ్లో ఉన్నవాళ్లంతా మంచివాళ్లే. గేదె అన్నపూర్ణ ఎవరి జోలికీ పోదు, పోవాలంటే లేవాలి కాబట్టి. మేక మంగతాయారు ఒకరి సొమ్ముకు ఆశపడదు, ఆశపడేలోపే తినేస్తుంది. కాపలాకి భైరవుడని ఒక కుక్క ఉంది. మూడేళ్లుగా ఒక్క మొరుగు మొరిగిన పాపాన పోలేదు గానీ, అన్నం వేళకు మాత్రం ఒక్క పూట తప్పలేదు. ఇక దొడ్డికంతా పెద్ద దిక్కు ఎద్దుల జోడు, పోలయ్యా వీరన్నా. ఏడేళ్లుగా ఒకే కాడి కింద మెడలు పెట్టి, ఒకే తొట్లో మూతులు పెట్టి, రోజుకు నాలుగుసార్లు పోట్లాడుకుంటూ అన్యోన్యంగా బతుకుతున్నారు.

ఆ వేసవిలో పోలయ్యకు ఒళ్లొచ్చింది.

ఎందుకొచ్చిందో దొడ్డంతటికీ తెలుసు, పోలయ్యకు తప్ప. పేరయ్య గారింట్లో పెళ్లి, ఎదురింట్లో పెళ్లి, వెనకింట్లో పెళ్లి చెడి మళ్లీ కుదిరిన పెళ్లి. మిగిలినవన్నీ పేరయ్య గారి తల్లి అచ్చమ్మ మామ్మ విస్తట్లో పెట్టుకొచ్చి, నాయనా తిను అని పోలయ్య నోటికి అందించేది. బూరెలు, పులిహోర, చక్రపొంగలి, మెత్తబడిన అప్పడాలు. వీరన్నకు తీపి పడదు, వాసనకే ముఖం తిప్పుకునేవాడు. ఆ ముఖం తిప్పుకున్న వాటా కూడా పోలయ్యదే.

ఎవరైనా మాటెత్తితే మాత్రం పోలయ్య నొచ్చుకునేవాడు. తను శుద్ధ శాకాహారి. బుద్ధెరిగాక ఈగను కూడా నోట్లోకి పోనివ్వలేదు. అలాంటివాడికి కొవ్వెక్కడి నుంచి వస్తుంది? నీళ్లు తాగినా పట్టే శరీరం తనది, అంతే.

వైశాఖం మొదటి వారంలో పేరయ్య అరక బయటికి తీసి, ఓసారి కట్టి చూద్దామని కాడి ఎత్తాడు. వీరన్న మెడ ఎప్పట్లాగే ఒదిగింది. పోలయ్య మెడ కాడికున్న రెండు కొయ్యల మధ్య పట్టలేదు. పేరయ్య తోసి చూశాడు, పక్క నుంచి దూర్చి చూశాడు. చివరికి కాడి కింద పెట్టి, నుదురు తుడుచుకుని, భార్యతో ఒకే మాట అన్నాడు. ఏరువాక నాటికి ఇది ఇలాగే ఉంటే సంతకు తోలేసి, వీరన్నకు ఇంకో జోడు తెస్తాను.

పోలయ్యకు ఆ పూట విస్తట్లో ఏమున్నదో తెలియలేదు. తిన్నాడు గానీ తెలియలేదు.

సంతకు పోవడం కాదు అతని బాధ. ఏడేళ్లుగా తన ఎడమ పక్కన నడిచిన వీరన్న పక్కన ఇంకెవడో నడుస్తాడు. ఆ వచ్చేవాడితో వీరన్న పోట్లాడతాడు. 

"ఒరే, నలభై రోజులుంది. తగ్గరా" అన్నాడు వీరన్న, ఇటు చూడకుండా.

"తగ్గుతాను. ఏం తిని తగ్గాలో చెప్పు."

దొడ్లో ఈ ప్రశ్న పడిందో లేదో, అందరూ వైద్యులైపోయారు. అన్నపూర్ణ వదిన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లలో పడుకోమంది, బట్టలాగే ఒళ్లూ నీళ్లలో కుదించుకుపోతుందట. ఆమె పుట్టినప్పటి నుంచీ ఆ వైద్యమే చేసుకుంటోంది, ఒళ్లింకా మాట వినలేదు. మంగతాయారు ఎక్కడా కడుపునిండా తినకూడదంది. నాలుగు చోట్ల నాలుగేసి కొరుకులు కొరికి వదిలేయాలంది. ఆ రోజు ఆమె కొరికి వదిలేసిన వాటిలో పేరయ్య తువ్వాలు, గోడమీది ఎన్నికల కాగితం, పక్కింటివాళ్ల బంతిమొక్కలు ఉన్నాయి. పేరయ్య గారి భార్య రాత్రిపూట అన్నం మానేసి చపాతీలు తింటోందని భైరవుడు కబురు తెచ్చాడు. ఎన్ని తింటోందని అడిగితే, తన వాటాకు మిగలనన్ని అన్నాడు. పొద్దున్నే పరగడుపున నిమ్మకాయ మంచిదని ఎవరో అంటే పోలయ్య పెరట్లోకి వెళ్లి, కాయలు కనపడక చెట్టు తినేసి వచ్చాడు.

అప్పుడొచ్చాడు నక్క నాంచారయ్య.

మిట్టమధ్యాహ్నం, ఇంటిల్లిపాదీ నిద్రలో ఉన్న వేళ, కంచె అవతల నిలబడి దగ్గాడు. కోళ్ల గూళ్లకు ఊరంతా ఇనప తలుపులు పెట్టించాక అతని నడుం సన్నబడి, వెనక నుంచి చూస్తే పదహారేళ్ల పడుచువాడిలా ఉన్నాడు. పోలయ్య ఆ నడుం వంకే చూశాడు. ఒళ్లు తగ్గాలనుకునేవాడికి ఎదుటివాడి నడుం తప్ప ముఖం కనపడదు.

కార్తీకమాసంలో మాంసం మానేశానని నాంచారయ్య చెప్పుకున్నాడు. అప్పటి నుంచి తను కూడా పోలయ్య గారి కులమే, ఆకూ అలమూ. శాకాహారి సన్నబడటంలో ఉన్న కిటుకంతా తనకు తెలుసన్నాడు. రూపాయి వద్దు, పేరు వద్దు, సాటి శాకాహారి సంతకు పోతుంటే చూడలేక వచ్చానన్నాడు. ఆ మాట అంటుంటే కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. గాటి దగ్గర ఉలవలు ఉడికిన వాసన వస్తోంది మరి.

"ఉలవలు మానెయ్యాలి. అవి కండ పట్టిస్తాయి. వేరుశనగ చెక్క మానెయ్యాలి, అందులో నూనె ఉంది. తవుడు వద్దు, బెల్లం వద్దు, పచ్చగడ్డిలో నీరెక్కువ కాబట్టి అదీ వద్దు. బూరె వైపు చూడటం కూడా వద్దు."

"మరి తినేదేంటండీ?" అన్నాడు పోలయ్య.

"ఎండుగడ్డి. నంజుకోవడానికి వేపాకు."

మానేసినవాటిని ఏం చెయ్యాలో కూడా ఆయనే చెప్పాడు. అన్నం పారేస్తే మహాపాపం. అందుకని మేత గంపను మూతితో కంచె దాకా తోసి పెడితే, ఎండకు ఓర్చుకుని తనే మోసుకుపోయి ఎక్కడో దూరంగా పారబోసి వస్తాడు, ఆ పాపమేదో తనకే తగులుతుంది. ఇంత త్యాగం చేసేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారని పోలయ్య వీరన్నతో అన్నాడు. కంచె అవతల ఉన్నారని వీరన్న అన్నాడు.

పన్నెండు రోజులు సాగింది ఆ పథ్యం. నాలుగో రోజుకు పోలయ్య కలలోకి బూరెలు రావడం మొదలుపెట్టాయి, అది కూడా వరసగా, విస్తరితో సహా. ఏడో రోజుకు కాళ్లు వణికాయి. పదో రోజుకు ఎండుగడ్డికి పొట్ట డప్పులా బిగిసింది. కాళ్లు సన్నబడ్డాయి, పొట్ట పెరిగింది, మెడ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఇదేమిటని అడిగితే, కొవ్వు కరిగేముందు ఒకసారి ఉబ్బుతుందని నాంచారయ్య ధైర్యం చెప్పాడు. చెబుతున్న నాంచారయ్యకు బుగ్గలొచ్చాయి, గడ్డం కింద రెండో గడ్డం వచ్చింది. అదేమిటని మంగతాయారు అడిగితే, పోలయ్య గారి మీద దిగులుతో వచ్చిన వాపన్నాడు.

అన్నిటికంటే పోలయ్యను కుంగదీసింది ఆకలి కాదు. ఒంటరి తిండి. ఎద్దుల్లో ఏ పనైనా జోడుగానే చేస్తారు. దున్నడం జోడు, బండి జోడు, ఒకడు తొట్లో మూతి పెడితే రెండోవాడు పెట్టాల్సిందే. ఇప్పుడు వీరన్న ఒక వైపు ఉలవలు నములుతుంటే, తను ఇంకో వైపు గోడకు ముఖం పెట్టి వేపాకు నములుతున్నాడు. ముద్ద దిగడం లేదు. నేనూ నీతో ఎండుగడ్డే తింటానని వీరన్న ముందుకొచ్చాడు. కానీ వాడికున్నదే పిడికెడు ఒళ్లు. అది కూడా పోతే ఏరువాక నాడు కాడి మాత్రమే కనపడుతుంది, వీరన్న కనపడడు.

పోలయ్య రాత్రంతా ఆలోచించాడు. అతనికి ఆలోచన నెమ్మదిగా వస్తుంది గానీ, వచ్చాక ఇక పోదు. మర్నాడు మధ్యాహ్నం నాంచారయ్య గంప కోసం రాగానే, ఎంతో గౌరవంగా కంచె తడిక జరిపి లోపలికి పిలిచాడు.

"నాంచారయ్య గారూ, జోడు లేకుండా నేను ఏదీ చెయ్యలేను. ఈ పథ్యానికి మీరే నా జోడు. రండి, కలిసి తిందాం."

నాంచారయ్య ఇంటి దగ్గర తిని వచ్చానన్నాడు. పరవాలేదు, కాస్తంత ఎంగిలి పడండి అన్నాడు పోలయ్య. ఉపవాసమన్నాడు. తిని వచ్చి ఉపవాసమేమిటని మంగతాయారుకు సందేహం వచ్చింది. ఒట్టి మొహమాటమని అన్నపూర్ణ తీర్పు చెప్పింది. ఈయన రోజూ ఇదే తింటాడు కదా, మన ఎదుట తినడానికి సిగ్గెందుకని వీరన్న అడిగి, ఊరికే అడిగినట్టు వచ్చి తడిక ముందు అడ్డంగా పడుకున్నాడు. జోడు కుదరకపోతే పథ్యం ఇవాళ్టితో మానేసి గంపలోదంతా తనే తినేస్తానని పోలయ్య కంట తడి పెట్టుకున్నాడు.

గంప పోతుందనేసరికి నాంచారయ్య కూర్చున్నాడు.

ఆయన ముందు పోలయ్య స్వయంగా గడ్డి వడ్డించాడు. తనకంటే నాలుగు పరకలు ఎక్కువే వేశాడు, అతిథి కదా. పక్కన వేపరెమ్మ పెట్టాడు. నాంచారయ్య ఒక పరక తీసుకుని ముందు పళ్లతో కొరికాడు, పక్క పళ్లతో కొరికాడు, కళ్లు మూసుకుని మింగాడు. అది సగం దాకా పోయి ఆగింది. అద్భుతంగా ఉందన్నాడు. అయితే ఇంకాస్త వేసుకోండని పోలయ్య మళ్లీ వడ్డించాడు. ఇలా ఆరు పరకలు అయ్యాయి. ఏడోదానికి నాంచారయ్య లేవబోయాడు.

"అప్పుడేనా, సగమే అయింది" అన్నాడు పోలయ్య. "ఇప్పుడు నెమరు వెయ్యాలి కదండీ."

నాంచారయ్యకు ఆ ముక్క తెలియదు. ఎండుగడ్డి తినమని చెప్పాడు గానీ, దాన్ని తినేవాళ్లు లోపలికి పోయినదాన్ని మళ్లీ పైకి తెచ్చుకుని నింపాదిగా నములుతారన్న సంగతి ఆయన ఏనాడూ గమనించలేదు. ఆయన చూపెప్పుడూ గంప మీదే. చుట్టూ చూశాడు. అన్నపూర్ణ కళ్లు సగం మూసి నములుతోంది. వీరన్న నములుతున్నాడు. పోలయ్య తన వంక ఆప్యాయంగా చూస్తూ నములుతున్నాడు. సరే అని ఆయన కూడా దవడ ఆడించాడు.

మంగతాయారు దగ్గరికి వచ్చి నోట్లోకి తొంగి చూసింది. "వట్టి దవడే ఆడుతోంది బాబాయ్. లోపలి నుంచి రావాలి. కడుపు బిగపట్టి మెడ చాచండి. సిగ్గుపడకండి, మా వాళ్లలో పసిపిల్లలు కూడా చేస్తారు."

చెయ్యకపోతే శాకాహారం మీదే అనుమానం వచ్చేలా ఉంది. నాంచారయ్య మెడ చాచాడు, కడుపు బిగపట్టాడు. గొంతులో అడ్డం పడ్డ ఆరు పరకలూ ఒక్కసారి గుచ్చుకున్నాయి.

వచ్చింది. ముందు గడ్డి వచ్చింది. గడ్డి వెనక నిన్నటి ఉలవలు వచ్చాయి. ఉలవల వెనక చెక్క, చెక్క వెనక బెల్లం. అన్నిటి వెనకా, పెద్దమనుషులు సభకు ఆఖర్న వచ్చినట్టు, గుండ్రంగా చెక్కుచెదరకుండా ఒక బూరె వచ్చింది.

 పోలయ్య లేచి వచ్చి, మూతి దించి ఆ బూరెను వాసన చూశాడు. యాలకుల వాసన. అచ్చమ్మ మామ్మ చెయ్యి. నిన్న తను కళ్లు మూసుకుని, గుండె రాయి చేసుకుని, మామ్మ అటు తిరగగానే గంపలో వదిలేసిన బూరె.

"నాంచారయ్య గారూ," అన్నాడు, "మీరు నమలకుండా మింగుతున్నారు. అరగదు."

ఆ తర్వాత జరిగింది అంత వేగంగా ఏమీ జరగలేదు. నాంచారయ్య పరుగెత్తాలనుకున్నాడు గానీ పన్నెండు రోజుల బెల్లం పొట్టలో ఉంది. వీరన్న మీంచి దూకబోయి వీరన్న మీదే పడి, దొర్లి అవతలికి పోయాడు. ఆ సందడికి భైరవుడు లేచి మూడేళ్ల తర్వాత మొట్టమొదటిసారి మొరిగి, ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడ్డాడు. ఇద్దరూ ఊరి చివరి దాకా తరుముకున్నారు, తరుముకున్నారంటే నడిచారు. మధ్యలో రెండుచోట్ల ఆగి ఆయాసం తీర్చుకున్నారట. ముందు ఆగినవాడు వెనకవాడి కోసం చూశాడని కూడా అంటారు గానీ అది నమ్మబుద్ధి కాదు.

ఆ సాయంత్రం గంప వీరన్న పక్కకు వచ్చింది. పోలయ్య అందులో మూతి పెట్టబోయి ఆగాడు. "ఇందులో నేనేం తినొచ్చురా?"

"నేను తినేదే తిను. నేను ఆపినప్పుడు ఆపు" అన్నాడు వీరన్న.

పథ్యమంతా అంతే. బోరు పక్కన పచ్చగడ్డి, ఉడికించిన ఉలవలు, చిటికెడు చెక్క, తొట్టెడు నీళ్లు, రోజూ పొలం దాకా రెండుసార్లు నడక. ఉలవలు తిన్నాక పోలయ్య కాళ్లకు వణుకు పోయింది, ఆకలి కూడా అర్థం లేకుండా అరవడం మానింది. కష్టమల్లా విస్తరి వచ్చినప్పుడే. మొదటిసారి అతను మామ్మ ఎదుటే బూరె ముందు ముఖం తిప్పుకున్నప్పుడు అచ్చమ్మ మామ్మ భయపడిపోయి మిరపకాయలతో దిష్టి తీసింది. రెండోసారి పశువుల డాక్టర్ని పిలిపించింది. ఆయన పొట్ట తట్టి చూసి, జబ్బేమీ లేదు, మందూ వద్దు, ఇలాగే ఉండనివ్వమన్నాడు. బూరెలు మంగతాయారుకు పోయాయి. నెల తిరిగేసరికి ఆమె కూడా నీళ్లు తాగినా పట్టే శరీరం తనదని చెప్పుకోవడం మొదలుపెట్టింది.

ఏరువాక పున్నమి నాడు కొమ్ములకు రంగు పూసి, మెడలో మువ్వలు కట్టి, పేరయ్య కాడి ఎత్తాడు. పోలయ్య ఊపిరి బిగపట్టాడు. వీరన్న తన మెడ ముందే పెట్టేసి, తెలియనట్టు ఆకాశంలోకి చూస్తున్నాడు. కొయ్య ఒక పక్క కాస్త ఒరుసుకుంది, చర్మం కాస్త లాగింది, మెడ పట్టింది.  పేరయ్య అతని వీపు మీద ఒక్క చరుపు చరిచి నాగలి పట్టుకున్నాడు.

మొదటి చాలు సగంలో ఉండగానే వీరన్న మొదలుపెట్టాడు, నువ్వు కుడికి లాగుతున్నావు అని. నువ్వే వెనకబడుతున్నావన్నాడు పోలయ్య. ఆ తగువు పొలం ఆ చివరి దాకా, మళ్లీ ఈ చివరి దాకా నడిచింది. గట్టు మీద నిలబడ్డవాళ్లకు మువ్వల చప్పుడే వినపడింది. పోలయ్యకు మాత్రం ఆ వేసవంతటిలో అంత కమ్మని మాట ఇంకొకటి వినలేదనిపించింది.

నాంచారయ్య ఇప్పుడు పక్క ఊరి చెరకు తోటల వైపు ఉంటున్నాడట. ఆరోగ్యం ఎలా ఉందని ఎవరైనా అడిగితే, ఎండుగడ్డి పడదండీ నాకు అంటాడట, అడగకపోయినా.

పథ్యం చెప్పేవాడి మాట వినేముందు, వాడు మన పక్కన కూర్చుని అదే ముద్ద మింగగలడేమో చూసుకోవాలి.