వలయం మీద లక్క

మదార్ వలికి ఆ పొద్దున కోపం నసాళానికంటింది. అంటదా మరి! తాను ఏరికోరి ఎంచిన బైనాక్యులర్‌ను పనికిరాదని ఎవరో తిప్పి పంపించారు.

నల్లమల అంచున ఒక చిన్న ఊళ్ళో మొహిద్దీన్ సాహెబ్ అని ఒక సూఫీ గురువు ఉండేవాడు. పొట్టకూటికి కళ్ళద్దాలు, కెమెరాలు, దుర్భిణీలు బాగుచేసేవాడు. అందరూ ఉస్తాద్ అనేవారు. దైవమార్గం చెప్పమని వచ్చినవాణ్ణి కూడా ముందు అద్దాలు తుడవడానికి కూర్చోబెట్టేవాడు. అలా ఏడేళ్ళుగా కూర్చున్నవాడే ఈ మదార్ వలి.

కొండమీది కాపలా మంచెకు ఒక బైనాక్యులర్ కావాలని అటవీ ఆఫీసువాళ్ళు అడిగారు. ఎండాకాలంలో అక్కడినుంచే పొగ కనిపెట్టాలి. మరీ చవకది వద్దు, ఖరీదైనది మావల్ల కాదు, మధ్యరకంలో మంచిది చూసిపెట్టమన్నారు. ఉస్తాద్ ఆ పని వలికి అప్పగించాడు.

వలి దాన్ని ఆషామాషీగా చెయ్యలేదు, అది ఒప్పుకోవాల్సిందే. ఐదు రకాలు తెప్పించాడు. ఆకాశం మీద కరెంటు తీగను చూసి, తీగ పక్కన ఊదారంగు చార కనబడినవాటిని తీసేశాడు. ఎదురింటి పెంకుల వరస అంచుల్లో వంగుతోందేమో చూశాడు. పొద్దు వాలాక వేపకొమ్మలో ఆకులు విడివిడిగా కనబడతాయా లేదా అని చూశాడు. చివరికి ఒక్కటే నిలిచింది. ఆ ధరకు ఇంతకంటే మంచి అద్దం దొరకదని ఉస్తాదే అన్నాడు.

అక్కడితో ఆగితే సరిపోయేది. ఆ దుకాణంలో ఒక ఆనవాయితీ ఉంది. పని పూర్తయి మర బిగించాక దాని తలమీద ఎర్ర లక్క చుక్క వేస్తారు. ఇక దీన్ని ఎవరూ కదిలించొద్దని గుర్తు. వలి బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకుని మధ్య చక్రం తిప్పాడు, రెండు కళ్ళ చూపులో తేడాను ఎవరికి వారు సర్దుకోవడానికి కుడికన్ను దగ్గరుండే చిన్న వలయం తిప్పాడు, కొండ కడిగినట్టు తేటగా కనబడ్డాక ఆ వలయం మీద లక్క పోసేశాడు. చేతికొచ్చినట్టు తిప్పి పాడుచేస్తారని భయమట. మనవాడి తెలివి తెల్లారినట్టే ఉంది.

నెల తిరక్కుండానే మంచె కాపలాదారు ఈదన్న, చెంచు పెద్దాయన, దాన్ని ఆఫీసులో ఇచ్చేశాడు. ఒక కన్నుకు కనబడితే రెండో కన్నుకు కనబడదు, తలకాయ నొస్తోంది అన్నాడు. ఆఫీసువాళ్ళు దుకాణానికి పంపారు. వలి చూస్తే తేటగానే ఉంది! ఒళ్ళు మండిపోయింది. ఉస్తాద్ ఊళ్ళో లేడు. వస్తువులో ఏ లోపమూ లేదు, లోపమంతా చూసేవాడి కళ్ళలోనే అని రాసి, సంతకం పెట్టి, దుకాణం ముద్ర గుద్ది ఆఫీసుకు పంపించాడు. బైనాక్యులర్ మాత్రం ఇంకా బల్లమీదే ఉంది.

మూడోరోజు ఎండ నడినెత్తిన ఉండగా ఈదన్న ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. ఉస్తాద్ అప్పటికి ఊరినుంచి వచ్చి ఉన్నాడు. కూర్చోమంటే ఈదన్న కూర్చోలేదు. అది చూసి ఆఫీసువాళ్ళు రేపటినుంచి మంచె ఎక్కొద్దన్నారట. ఆ మంచె తప్ప ఆయనకు వేరే బతుకు లేదు.

"ముప్పై ఎండాకాలాలు పొగ జూసి చెప్పినా," అన్నాడు. "నా కండ్లు పోయినాయని నాకే తెల్దు. ఈ కాయితానికి ఎట్ల తెలిసె?"

ఉస్తాద్ కాగితం చదివాడు. కిందనున్న ముద్ర చూశాడు. ఆయన ముఖం కందగడ్డ అయింది. ఏడేళ్ళలో వలి ఆ ముఖాన్ని అలా చూసింది లేదు. అయినా తగ్గాడా? కరెంటు తీగ సంగతి, పెంకుల సంగతి, వేపాకుల సంగతి అన్నీ ఏకరువు పెట్టాడు. తనకు ఇప్పటికీ తేటగా కనబడుతోందని, కావాలంటే ఇక్కడే చూసి చెబుతానని గొంతు పెంచాడు.

ఉస్తాద్ బల్లమీది బైనాక్యులర్ తీసుకున్నాడు. తాను చూడలేదు. పైవైపు కిందికి తిప్పి, కుడి గొట్టం ఎడమకన్నుకు వచ్చేలా వలి చేతుల్లో పెట్టాడు.

"కొండ చూడు."

వలి చూశాడు. మసక. మధ్య చక్రం తిప్పాడు. ఒక కన్నుకు కొండ తేటపడింది, రెండో కన్నుకు అలికేసినట్టుంది. వెనక్కి తిప్పాడు. రెండో కన్నుకు దొరికింది, మొదటిది చెదిరింది. కణతలు లాగడం మొదలైంది. వేలు దానంతటదే చిన్న వలయం మీదికి పోయింది. అది కదల్లేదు. లక్క గరుకుగా తగిలింది.

"కనబడుతోందా?"

"లేదు, ఉస్తాద్."

"అయితే నీ కళ్ళు పోయాయని నేనూ ఒక కాగితం రాసివ్వనా?"

వలి బైనాక్యులర్ ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూర్చున్నాడు. బల్లమీద ఉలి ఉన్నా తీసుకోలేదు, గోటితోనే లక్క గీకాడు. గోరు చీలింది. వలయం వదులయ్యాక లేచి, రెండు చేతులతో ఈదన్నకు ఇచ్చాడు.

ఈదన్న కోపం ఎక్కడికీ పోలేదు. విసురుగానే అందుకున్నాడు. చక్రం తిప్పాడు, వలయం తిప్పాడు, చాలాసేపు కొండవైపు చూశాడు.

"పెద్దబండ కింద మేకలుండాయి," అన్నాడు. "ఏడు. ఒకటి కుంటుతాంది."

బైనాక్యులర్ దించి, కాగితం ముందుకు చాపాడు. దీన్నేం చేస్తారని అడిగాడు. వలి లాక్కుని చింపబోయాడు. ఉస్తాద్ చెయ్యి పట్టుకుని ఆపాడు. కాగితాన్ని మడిచి తన జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకోసాగాడు.

తప్పు తనది, ఆఫీసుకు తానొక్కడే వెళ్ళి చెప్పుకుంటానని వలి బతిమాలాడు. ఉస్తాద్ ముఖంలో ఎరుపు ఇంకా దిగలేదు.

"రాసింది నువ్వు. ముద్ర నాది," అన్నాడు. "నడువు."