మేధశ్రీకి వచ్చిన సీటు

మార్కాపురంలో అంకినీడు గారింట్లో ఉండేది ముగ్గురు. ముగ్గురూ మహా తెలివైనవాళ్ళు. ఈ మాట ఊళ్ళో ఎవ్వరూ అనలేదు. అనడానికి ఊరివాళ్ళకి అంత తెలివి లేదని వాళ్ళే చెప్పుకునేవారు.

కూతురు మేధశ్రీ పుస్తకాలన్నీ అట్టలతో సహా బట్టీపట్టి డాక్టరు చదువుకి పరీక్ష రాసింది. మంచి ర్యాంకే వచ్చింది. సీట్ల జాబితా మాత్రం ఇంకా రాలేదు. ఆ మాట చెబితే, బాటనీ చెప్పిన చక్రధరం మాస్టారు, “వచ్చేదాకా ఖాళీగా కూర్చోకమ్మా. ఏవైనా సేవా కార్యక్రమాలు చూసుకో” అన్నారు.

అంతే. ఇంటికి రాగానే వాళ్ళమ్మ రాజ్యం కూతుర్ని కూర్చోబెట్టి ఒళ్ళో కందిపప్పు డబ్బా పెట్టింది.

“ఎందుకమ్మా ఇది?”

“ఖాళీగా కూర్చోవద్దన్నారుగా!”

సేవ సంగతి అంకినీడు చూసుకున్నాడు. బస్టాండు దగ్గర ‘రక్తదాన శిబిరంలో పాల్గొనండి’ అని గుడ్డ కట్టారు. ఇంకేముంది! ముగ్గురూ రెండు క్యాన్లు పట్టుకుని వెళ్ళి, “లీటరెంతమ్మా?” అని నర్సుని అడిగారు.

“ఏంటి, రక్తమా?” నర్సు అదిరిపడింది.

“ఛీ ఛీ, పాలు! ‘పాల్ కొనండి’ అని మీరే రాశారుగా!”

పనిలో పనిగా కూతురు డాక్టరు కాబోతోందని కూడా చెప్పాడు అంకినీడు. అక్కడున్న డాక్టరమ్మ నవ్వాపుకుని, “పిల్ల డాక్టరవుతుందా? సంతోషం. రేపు మా ఆసుపత్రికొచ్చి కాస్త చెయ్యందించమనండి” అంది. పాపం, ఆవిడకి వీళ్ళు కొత్త.

మర్నాడు మేధశ్రీ వార్డు మధ్యలో నిలబడి చెయ్యి చాపింది. చాపిన చెయ్యి దించలేదు. వచ్చేపోయేవాళ్ళు ఒకరు అరటి తొక్క, ఒకరు తడి తువ్వాలు, ఒకావిడ ఏకంగా చంటిపిల్లాణ్ణి అందులో పెట్టి పోయారు. నర్సు చూసి, “ఇలా కాదుగానీ, ఆ మూల మంచం మీది తాతని కదలకుండా చూసుకో. సెలైన్ అయిపోగానే కేకెయ్యి” అంది.

అంతే. తాతని కట్టుగుడ్డతో మంచానికి బిగించింది. సెలైన్ అయిపోగానే గోడలదిరేలా కేకేసింది. భూకంపమనుకుని వార్డు వార్డంతా వీధిలో పడింది. కాలు విరిగినాయన అందరికంటే ముందున్నాడు. తాత ఒక్కడే కదల్లేదు.

“చూశారా, చెప్పింది చెప్పినట్టు చేసింది!” అని కూతురికి తోడొచ్చిన అంకినీడు మురిసిపోయాడు.

డాక్టరమ్మ రెండు చేతులూ జోడించింది. “తల్లీ, కొన్నాళ్ళు విశ్రాంతి కావాలి. నీక్కాదు, మాకు.”

ఇంతలో మాస్టారు ఫోను. “అంకినీడు గారూ, సీటొచ్చింది! చేరడానికి గడువు ఈ సాయంత్రమే. వెంటనే బస్సెక్కండి. ఎవరేం చెప్పినా వచ్చిన సీటు మాత్రం వదలొద్దు. వదిలితే ఇంకొకరు పట్టుకుపోతారు.”

బస్సు కిక్కిరిసి ఉంది. పొదిలి దగ్గర ఒకావిడ దిగింది. మేధశ్రీకి కిటికీ పక్కన సీటొచ్చింది! పైన ‘స్త్రీలకు కేటాయించబడినది’ అని ఎర్రరంగుతో రాసుంది.

“ఏవండీ, కేటాయింపు కూడా రాసిచ్చారు!” రాజ్యం ఆ అక్షరాలకి దణ్ణం పెట్టింది.

మెడికల్ కాలేజీ ముందు బస్సాగింది. “దిగాలమ్మా, దిగాలి!” అని కండక్టరు అరిచాడు.

“దిగం!” అన్నాడు అంకినీడు.

“మీరు టికెట్టు తీసుకుంది ఇక్కడికేగా?”

“సీటొదిలితే చదువెలాగయ్యా?”

నిలబడున్న ముసలమ్మ ముందుకొచ్చింది. “దిగుతావా అమ్మా? నేను కూర్చుంటా.”

“వెయిటింగ్ లిస్టు వాళ్ళు అప్పుడే వచ్చేశారే! గట్టిగా పట్టుకోవే!” అంది రాజ్యం. మేధశ్రీ కిటికీ చువ్వలు పట్టుకుంది. తల్లీ తండ్రీ మేధశ్రీని పట్టుకున్నారు. కండక్టరు విసుగొచ్చి విజిలేశాడు.

కాసేపటికి మాస్టారు మళ్ళీ ఫోన్ చేశారు. “ఏమండీ, సీటు పోలేదు కదా?”

“ప్రాణం పోయినా వదలం, మాస్టారూ!”

“హమ్మయ్య. కాలేజీ ఎలా ఉంది?”

“దివ్యంగా ఉంది. ఇందాకే కిటికీలోంచి వెనక్కెళ్ళిపోయింది” అన్నాడు అంకినీడు.